మా అత్త శవాల గేటు దాటిన రోజు

ముందు మా అత్త గొంతు గురించి చెప్పాలి. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా కూలీ లైన్ల మొదట్లో నిలబడి ఆమె ఒక కేక వేస్తే చివరి గదిలో అన్నం వారుస్తున్న మనిషి గరిటె పట్టుకునే బయటికి వచ్చేది. రేవులో క్రేన్ల మోతకి అలవాటుపడ్డ చెవులు మా లైన్లలోవాళ్లవి. అలాంటి చెవులకు కూడా ఆమె గొంతు అడ్డం లేకుండా చేరేది. నేను శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి కొత్తకోడలిగా వచ్చి గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే, తల వంచుకుని నిలబడ్డ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ గుంటకి నోరుందా నేదా?" అంది.

"ఉందత్తా. నువ్వు ఆపితే తీద్దుమని సూస్తన్నాను," అన్నాను.

మా ఆయన మొహం పాలిపోయింది. అత్త మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పడని రోజు లేదు, ఒకరిని విడిచి ఒకరం అన్నం తిన్న రోజూ లేదు.

మాది క్రైస్తవ కుటుంబం. మా తాతలు ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కనివ్వని కులం నుంచి వచ్చినవాళ్లు. ఆ బావి బాధ వదిలించుకోవడానికే పట్నం వచ్చామని మా మామ బతికున్నప్పుడు అనేవాడట. వచ్చి కొళాయి దగ్గర చిక్కుకున్నాం. జెట్టీ కంపెనీ వాళ్ల స్టాఫ్ క్వార్టర్లకీ మా లైన్లకీ మధ్య ఒక గోడ ఉండేది. గోడకి అటువైపు ప్రతి ఇంట్లోనూ ఫిల్టర్ నీళ్లు. ఇటువైపు మొత్తానికి ఒకటే కొళాయి. అది పొద్దున కాసేపు దగ్గి, నాలుగు బిందెలు నింపి, నిద్రపోయేది. మిగతా రోజంతా మాకు రోడ్డు కడగడానికి పెట్టిన గొట్టంలోంచి వచ్చే గంగ నీళ్లే. బురద రంగులో ఉండేవి. బిందెలో పోసి గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున చేతి మందాన ఒండ్రు దిగేది. పైన తేరిన నీటితో వంట చేసుకునేవాళ్లం.

మా మగవాళ్లు ఏళ్ల తరబడి ఓడల్లోంచి బస్తాలు దించుతున్నా రోజుకూలీలే. పర్మినెంటు చేసేటప్పుడు పై మేస్త్రీలకి వాళ్ల భాష వాళ్లూ వాళ్ల జిల్లా వాళ్లూ గుర్తొచ్చేవారు. మేము అందరికీ కలిపి ఒకే పేరున్న జనం, మద్రాసీలం. మద్రాసు నేను ఈనాటికీ చూడలేదు.

అరవైలలో ఒక వేసవిలో కలరా వచ్చింది. కలకత్తాకి కలరా కొత్త కాదు, కానీ ఇది కొత్త రకమట. ఎక్కడో తూర్పు దీవుల్లో పుట్టి, రేవు నుంచి రేవుకి ఓడల వెంట దేశదేశాలూ తిరుగుతూ వస్తోందని చెప్పుకున్నారు. అన్ని దేశాలూ తిరిగిన రోగం గోడకి అటూ ఇటూ కూడా వచ్చింది. గోడకి అటువైపు ఒక గుమాస్తా కొడుక్కి పట్టుకుంటే, వాంతి తుడిచే లోపే కంపెనీ ఆసుపత్రి తెల్ల బండి గంట కొట్టుకుంటూ వచ్చింది. ఆ పిల్లవాడు వారం తిరిగేసరికి గోడ ఎక్కి గాలిపటం ఎగరేస్తున్నాడు. నాకు సంతోషమే. పిల్లవాడు ఏం చేశాడు పాపం.

సూది మందు కూడా ముందు అటువైపే వేశారు. ఇటువైపుకి హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మా గదుల ముందు నడుస్తూ, ఒక కుండ మూత కర్రతో ఎత్తి చూసి, "మద్రాసీలు రాత్రి అన్నంలో నీళ్లు పోసుకుని పొద్దున తింటారు, అందుకే ఈ రోగాలు," అని పక్కనున్నవాడితో బెంగాలీలో అన్నాడు. మాకు రాదనుకున్నాడు.

"దాదా," అంది మా అత్త బెంగాలీలోనే, లైన్లన్నీ వినేలా, "మీ ఇంట్లో ఈ చద్దన్నాన్నే పాంతా భాత్ అని తినరా? దాంట్లో పోసే నీళ్లు ఎక్కడివో చెప్పండి, మేమూ అవే తెచ్చి పోసుకుంటాం."

జనం గొల్లుమన్నారు. ఆయన కర్ర చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నీళ్ల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

మా ఆయన ముఠాలో పాట చెప్పే మనిషి ఒకడుండేవాడు. రేవులో బరువు ఎత్తాలంటే ఒకడు ముందు పాట అందుకోవాలి, మిగతావాళ్లు 'హైలెస్సా' అని బదులివ్వాలి. ఆ ఊపు మీదే అడుగులు పడతాయి. పాట ఆగితే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే నడుం విరుగుతుంది. అందుకని అతను ముఠాకి ప్రాణం. పక్క గదే వాళ్లది. మా ఆయనకంటే చిన్నవాడు, నన్ను వదినా అనేవాడు. మా లైన్లలో కలరా ముందు పట్టింది అతని భార్యకి.

ఆసుపత్రి తెల్ల బండి కోసం కబురు పంపాం. రాలేదు. రిక్షా వాళ్లు మనిషిని చూసి హ్యాండిల్ వెనక్కి తిప్పారు. చివరికి ఒక తోపుడుబండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఆమె తల నా ఒళ్లో ఉంది. వంతెన దగ్గర లారీలు మమ్మల్ని దాటనివ్వలేదు, హారన్లు కొట్టి పక్కకి నెట్టాయి. ఎలాగో కంపెనీ ఆసుపత్రి ముందు గేటు చేరాం. గేటు కాపలా దర్వాను కాగితం అడిగాడు. పర్మినెంటా, రోజుకూలీనా? రోజుకూలీల వాళ్లకి ఇక్కడ లేదు, అంటురోగాల ఆసుపత్రికి పోండి అన్నాడు. ఆ ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. పాట చెప్పే మనిషి వాడి కాళ్లు పట్టుకున్నాడు. లోపల మంచాలన్నీ నిండిపోయాయి, నేనేం చేస్తాను అన్నాడు దర్వాను. మేము బండి తిప్పుకుని మళ్లీ వంతెన చేరకముందే ఆమె నా ఒళ్లోనే పోయింది. చిన్న పిల్ల. నాకంటే చిన్నది. ఆ దర్వాను మొహం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉంది, వాడి మీద కోపం కూడా అలాగే ఉంది.

ఆ ఇంట్లో ఇంకా ప్రార్థన కూడికలు కూడా పూర్తికాలేదు, మా అత్త పడిపోయింది.

తెల్లవారుజామున మొదలైంది. పొద్దెక్కేసరికి ఒంట్లో నీరంతా పోయి, వేళ్లు ముడతలు పడి, కళ్లు గుంటల్లోకి వెళ్లిపోయాయి. అదంతా చూసి కూడా నేను ధైర్యంగానే ఉన్నాను. నీళ్లు తాగిస్తుంటే సగం చీర మీద పోసేశాను. "ఏటే, కళ్లు కనబడ్డం నేదా?" అని విరుచుకుపడుతుందని చూశాను. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. ఏదో గాలి వచ్చింది, అంతే. కలరా ముదిరితే గొంతు పోతుందని అప్పటికి నాకు తెలియదు. ఆమె నన్ను తిట్టలేకపోయిందని అర్థమయ్యాకే నాకు భయం వేసింది.

"మంచం ఎత్తండి," అన్నాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన. "మళ్లీ ఆ గేటుకేనా?"

"ఇంకెక్కడికి ఎల్తావు? దగ్గర్లో ఉన్నది అదొక్కటే. ఎత్తండి, గేటు కాడ నేను సూసుకుంటాను."

ఏం చూసుకుంటానో నాకే తెలియదు. కానీ ఆ ఇంట్లో ధైర్యంగా మాట్లాడే ఇద్దరిలో ఒకరి గొంతు పోయింది కనుక రెండో గొంతు నాది లేవాలి.

నులకమంచానికి అటూ ఇటూ వెదురుబొంగులు కట్టారు. పాట చెప్పే మనిషిని ఎవరూ పిలవలేదు. భార్యని మట్టి చేసి వారం కాలేదు, ఎలా పిలుస్తాం? అతనే వచ్చి ముందు బొంగు కింద భుజం పెట్టాడు. మా ఆయన రెండో పక్క, ముఠాలో ఇద్దరు వెనక. ఎండ అప్పటికే మాడుస్తోంది. ఆమె మొహం మీద ఎండ పడకుండా ఏదైనా కప్పుదామని చూస్తే చేతికి ఆమె తెల్లచీరే తగిలింది. అది గుడి చీర. ఆదివారం గుడికి తెల్లచీర కట్టుకుని తీరాలని ఆమె పట్టు. రంగు చీరతో వచ్చిన ఆడదాన్ని గుమ్మంలోనే పట్టుకుని, పాస్టరుగారు వినేలా కడిగేసేది. ఆ చీర తల నుంచి కాళ్ల దాకా కప్పాను.

నాలుగడుగులు వేసేసరికి మంచం ఒక పక్కకి ఒరిగింది. అడుగులు కలవడం లేదు. అప్పుడు పాట చెప్పే మనిషి గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"ఎత్తు భుజం!"

"హైలెస్సా!"

"వొంతెన దూరం!"

"హైలెస్సా!"

మంచం నిలకడకి వచ్చింది. నేను పక్కన పరిగెడుతూ, ఒక చేత్తో చీర అంచు పట్టుకుని ఉన్నాను. బజారులోకి రాగానే ఒక వింత జరిగింది. ఎప్పుడూ మమ్మల్ని మోచేతులతో తోసుకుపోయే బజారు రెండుగా చీలి దారి ఇచ్చింది. చేపలవాడు గంప పక్కకి లాక్కున్నాడు. పళ్లబండివాడు బండి వెనక్కి తోశాడు. ఎవరో చెప్పులు విడిచి నుదుటికి చెయ్యి పెట్టుకున్నారు. వంతెన దగ్గర పోలీసువాడు చెయ్యి అడ్డం పెట్టి లారీలన్నీ ఆపేశాడు. వారం కిందట తోపుడుబండిని పక్కకి నెట్టిన అవే లారీలు నోటి మీద చెయ్యి పెట్టినట్టు కిమ్మనకుండా నిలబడ్డాయి.

"ఇయ్యాల అందరూ మంచోళ్లైపోనారేటి?" అన్నాడు మా ఆయన, రొప్పుతూ.

వంతెన దిగాక ఒక పూలమ్మే ముసలామె లేచి వచ్చి మంచం మీద గుప్పెడు పూలు వేసి, "ఆహా, ఎవరి తల్లో!" అని బెంగాలీలో కన్నీళ్లు పెట్టుకుంది. అప్పుడు తట్టింది నాకు. తెల్లగుడ్డ కప్పిన మంచం, నాలుగు భుజాలు, ఒకడు చెబితే మిగతావాళ్లు అనే పాట. ఈ ఊళ్లో శవాన్ని అలాగే మోస్తారు. మద్రాసీలు వాళ్ల భాషలో ఏదో దేవుడి పేరు చెప్పుకుంటూ శవాన్ని తీసుకుపోతున్నారనుకున్నారు అందరూ.

చీర కింద అత్త కదిలింది. ఆమెకీ అర్థమైంది. పూలు మొహం మీద పడేసరికి చెయ్యి పైకి లేవబోయింది. ఆమెని చచ్చిందంటే ఊరుకునే మనిషా? నేను చీర మీదనుంచే ఆ చెయ్యి నొక్కి పట్టుకున్నాను.

గేటు వచ్చింది. అదే దర్వాను, అదే స్టూలు. మంచం ఎత్తుగా భుజాల మీద రావడం చూసి లేచి నిలబడ్డాడు కూడా. కాగితం అడగలేదు. పర్మినెంటా రోజుకూలీనా అనీ అడగలేదు. మా మొహాలవైపు చూడనైనా చూడలేదు. "ముర్దా పీఛే, పీఛే," అంటూ గోడ వెంట వెనక్కి చెయ్యి చూపించాడు. శవాల గేటు వెనక ఉందట.

పాట ఆగిపోయింది. పాట చెప్పే మనిషి మెడ నరాలు ఉబ్బాయి. "ముర్దా కాదురా!" అని అరవడానికి నోరు తెరిచాడు. నేను ఆ మొహం చూశాను. వారం కిందట వాడి కాళ్లు పట్టుకున్న మనిషి అతను. వాడి గొంతు పట్టుకోవడానికి అతనికి హక్కుంది. కానీ బతికుందని చెప్పామంటే ఆ మరుక్షణం మేము మళ్లీ రోజుకూలీలం అయిపోతాం.

"ఆగు," అన్నాను తెలుగులో. "ఈ గేటు మూసుంది. ఆ గేటు తెరిచుంది. పాట సెప్పు, బావూ. ఆపకు."

అతను ఆ అరుపు మింగి మళ్లీ పాట అందుకున్నాడు. మంచం మెల్లగా గోడవైపు తిరిగింది. నేను వంగి చీర అంచు దగ్గర నోరు పెట్టి, "అత్తా, నీ జన్మలో ఒక్కసారి నామాట ఇను. ఊపిరి బిగబట్టుకుని పడుకో. లోపలికెళ్లినాక నీ ఇష్టం," అన్నాను. చీర కింద నా చేతిని గిల్లింది. గిల్లే సత్తువ ఉందని నాకు ప్రాణం లేచొచ్చింది.

వెనక గేటు బార్లా తెరిచి ఉంది. కాపలా లేదు. శవాన్ని ఎవరు దొంగతనంగా లోపలికి తెస్తారు? పెరట్లోకి వెళ్లి మంచం దించాం. శవాల గది చూసుకునే మనిషి బీడీ పారేసి వచ్చి చీర కొంగు ఎత్తాడు. మా అత్త కళ్లు తెరిచి అతనివైపు చూసింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా మెట్లవైపు పరిగెత్తాడు. ఒక కుర్ర డాక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎలా వచ్చారు లోపలికి?" అన్నాడు డాక్టరు బెంగాలీలో.

"శవంలా వచ్చాం," అన్నాను. "ఇక్కడనుంచి బయటికి పంపాలంటే శవంగానే పంపాలి. మీరే చెప్పండి దాదా."

ఆయన అత్త చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. దొరకలేదు. ఇంకో చెయ్యి చూశాడు. రోజుకూలీలని గేటులోంచి రానివ్వకూడదని కంపెనీ రూలు. లోపల పెరట్లో పడి ఉన్న మనిషిని ఏం చెయ్యాలో రూలు రాసినవాళ్లకి తట్టలేదనుకుంటా. "పైకి తీసుకురండి," అన్నాడు ఆయన.

వార్డు గుమ్మం దాటనివ్వలేదు. నర్సు వచ్చి వరండాలో నేలమీద చాప చూపించింది. అక్కడే పడుకోబెట్టి, కిటికీ ఊచకి సీసా కట్టి, సెలైన్ ఎక్కించారు. ఒక సీసా అయింది, ఇంకోటి పెట్టారు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. కూర్చున్న చోటు నుంచి వార్డు లోపలికి కనబడుతోంది. వరసగా ఇనుప మంచాలు. కొన్నిటి మీద మనుషులు. చాలావాటి మీద మడత నలగని దుప్పట్లు. మా అత్త తల ఆ గుమ్మంవైపే ఉంది. ఆమె కూడా చూస్తూనే ఉంది.

ఎండ తిరిగాక ఆమె పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"గుడి సీర," అంది, గరగరలాడే గొంతుతో, "నేలమీద పడీసినావేటే, బుద్ధి నేనిదానా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి. ఆ తిట్టు విని నర్సు తల బయటికి పెట్టి చూసింది. మళ్లీ తిట్టమని అడిగాను. తిట్టింది. రెండోసారి ఇంకాస్త గట్టిగా.

రెండు రోజులకి తేరుకున్నాక వెనకనుంచి వెళ్లిపొమ్మన్నారు. మా అత్త ఒప్పుకోలేదు. "సచ్చినోళ్ల గేటులోంచి ఒచ్చినాను. బతికినోళ్ల గేటులోంచి ఎల్తాను," అని నా భుజం మీద చెయ్యి వేసుకుని, ఆసుపత్రి మధ్యనుంచి నడిచి ముందు గేటుకి వచ్చింది. దర్వాను స్టూలు మీదనుంచి చూశాడు. పూర్తిగా గొంతు రాలేదు ఆమెకి. అయినా వాడి ముందు ఆగి, "నన్ను గురుతెట్టుకో. మళ్లీ వస్తాం," అంది. తెలుగులోనే అంది. వాడికి అర్థం కాకపోయినా లేచి నిలబడ్డాడు.

మా ఆయనా పాట చెప్పే మనిషీ మంచంతో గేటు బయట ఉన్నారు. నడవలేకపోతే మోసుకెళ్దామని తెచ్చారు. మా ఆయన తల్లిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పాట చెప్పే మనిషి కాస్త దూరంగా, బొంగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆసుపత్రి కిటికీలవైపు చూస్తున్నాడు.

"పెద్దమ్మా," అన్నాడు. "లోపల మంచాలు నిండిపోనాయేటి?"

అతను అడిగింది దేని గురించో మాకందరికీ తెలుసు. నేను మా అత్త మొహంలోకి చూశాను. జన్మలో మాట మింగని మనిషి. ఈ ఒక్కసారి మింగితే బాగుండుననిపించింది నాకు. నిండిపోయాయి అంటే అతను రాత్రి నిద్రపోతాడు.

ఆమె నన్ను వదిలి, తడబడుతూ అతని దగ్గరికి వెళ్లి, అతని తల రెండు చేతులతో పట్టుకుంది.

"నేదురా, నాయినా," అంది. "కాళీగా ఉన్నాయి. నిన్న ఉన్నాయి, ఇయ్యాలా ఉన్నాయి. ఆ పిల్లని తెచ్చినప్పుడూ ఉన్నాయట, నర్సుని అడిగినాను. ఆడు అబద్ధం సెప్పినాడు."

అతను ఆమె చేతుల్లోకి తల వంచాడు. భుజాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. తర్వాత తల ఎత్తి, మొహం తుడుచుకుని, నావైపు తిరిగాడు.

"వొదినా, ఆ తెల్లసీర ఏదీ? లైన్ల సివర గదిలో ముసలోడికి పొద్దున్నించి వాంతులు."

చీర నా చంకలో మూటలో ఉంది. నేను అత్తవైపు చూశాను. అది ఆమె ఎవరినీ తాకనివ్వని చీర. ఆమె మూట లాక్కుని, చీర తీసి, తనే మంచం మీద పరిచింది.

"పాట గట్టిగా సెప్పు," అంది. "ఆ గేటోడికి ఇనబడాల."

ఆ మధ్యాహ్నమే ముసలాయన ఆ గేటు దాటాడు. ఆయన తర్వాత ఇంకెందరో. అందరూ తిరిగి రాలేదు, కానీ వచ్చినవాళ్లంతా ముందు గేటులోంచే వచ్చారు. ప్రతిసారీ మా అత్త చీరని మరగబెట్టి, ఎండలో ఆరేసి, మడతపెట్టి పాట చెప్పే మనిషి గుమ్మంలో పెట్టేది. ఆ వేసవంతా ఆమె గుడికి రంగు చీరలోనే వెళ్లింది.